కుంగిన నైరుతి మూల: ఇర్వింగ్‌లో ప్రెస్డ్ పైలింగ్ పని, ప్రాజెక్టు డైరీ

ప్రెస్డ్ పైలింగ్ అంటే కుంగిన ఇంటి కింద కాంక్రీటు సిలిండర్లను ఒకదాని మీద ఒకటి భూమిలోకి నొక్కి, వాటి ఆసరాతో ఇంటిని లేపడం. ఇదే పని చేయించుకునేవాళ్లకూ, చేసేవాళ్లకూ పనికొచ్చేలా కొలతలు దాచకుండా రాస్తున్నాం. తప్పిన చోట ఎక్కువ రాశాం, సాఫీగా జరిగిన చోట తక్కువ. అన్ని కొలతలూ అడుగులు, అంగుళాలు, పౌన్లలో ఉన్నాయి. గేజి అంకెలు పీఎస్ఐలో, అంటే చదరపు అంగుళానికి పౌన్లలో.

ఇల్లు, మట్టి

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్. 1983లో కట్టిన ఒంటి అంతస్తు ఇల్లు. స్లాబ్ 52 × 38 అడుగులు, అందులో పోస్ట్‌టెన్షన్ కేబుళ్లు, అంటే కాంక్రీటు గట్టిపడ్డాక లాగి బిగించిన స్టీలు తాళ్లు. చుట్టూ గ్రేడ్ బీమ్ (స్లాబ్ అంచున మట్టిలోకి దిగిన కాంక్రీటు దూలం), బయట ఇటుక పొర, డ్రైనేజీ అంతా పీవీసీ. పొడుగు గోడ దక్షిణాన, పొట్టి గోడ పడమరన.

అడుగున ఈగిల్ ఫోర్డ్ షేల్ అనే పొరల రాయి, పైన అది శిథిలమై ఏర్పడిన బంకమట్టి. గుంటూరు, కర్నూలు నల్లరేగడి చూసినవాళ్లకు దీన్ని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. రెండింట్లోనూ నీళ్లు తాగి ఉబ్బే స్మెక్టైట్ జాతి ఖనిజాలే. ఎండాకాలం నెర్రెలు, వానాకాలం పొంగు. తేడా ఏమిటంటే, అక్కడ కొత్త ఇల్లయితే చాలాచోట్ల ముందే అండర్ రీమ్డ్ పైల్స్ (కింది భాగం ఉబ్బెత్తుగా వెడల్పు చేసిన పైల్స్) వేసుకుని ఆపైన కడతారు. ఇక్కడి ఇళ్లు చాలావరకు ఆ మట్టి మీదే పరిచిన స్లాబులు. మట్టి కదిలితే ఇల్లూ కదులుతుంది.

నైరుతి మూలకు 11 అడుగుల దూరంలో పెద్ద లైవ్ ఓక్ చెట్టు. పడమటి ఎండ. చూరు నీళ్లకు గట్టర్ లేదు. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలంటారు. ఇక్కడ బరువుకు లోటు లేదు, ఎత్తే పోయింది.

దశ 1: కుంగిందా, పొంగిందా?

ఈ ప్రశ్న తేలకుండా ఒక్క గొయ్యి కూడా తవ్వకూడదు. స్లాబ్ కింద పైపు కారి ఇంటి మధ్యభాగం పొంగినా, చుట్టూ అంచులు కుంగినట్టే కనిపిస్తాయి. అలాంటి ఇంటికి పైలింగులు వేస్తే మంచి అంచుల్ని లేపి రోగాన్ని నడిమధ్యలో వదిలేసినట్టవుతుంది.

1. ఇల్లంతా 42 చోట్ల మట్టం తీశాం. హాలు మధ్య బిందువు సున్నా.
2. టైలు, కార్పెట్, చెక్క ఫ్లోరింగ్ కలిసే ప్రతి గడప దగ్గరా గీతకు అటూ ఇటూ రెండు కొలతలు తీసి, ఆ తేడాను మిగతా గదుల కొలతల నుంచి తీసేశాం. ఇది చెయ్యకపోతే అర అంగుళం దొంగ ఎత్తు వచ్చిపడుతుంది.
3. ఇటుక పగుళ్ల వెడల్పు కింద, మధ్యన, పైన కొలిచాం. నైరుతి కిటికీ దగ్గర మెట్లు మెట్లుగా పోయిన పగులు కింద 1/16, పైన 3/8. పైన వెడల్పుగా ఉందంటే మూల కిందికి దిగుతూ బయటికి ఒరిగిందని.
4. పడమటి బీమ్‌కూ మట్టికీ మధ్య 3/4 అంగుళం ఖాళీ. మట్టి ముడుచుకుపోయిందనడానికి సాక్ష్యం.
5. పెరట్లోని క్లీనౌట్‌లో (డ్రైనేజీ శుభ్రం చేసేందుకు వదిలిన గొట్టపు నోరు) గాలి నింపే టెస్ట్ బాల్ బిగించి, డ్రైనేజీని స్లాబ్ మట్టం దాకా నీళ్లతో నింపి 30 నిమిషాలు చూశాం. చుక్క దిగలేదు.

వచ్చిన మట్టాలు, అంగుళాల్లో:

- ఈశాన్యం: +0.1
- వాయవ్యం: −0.3
- పడమటి గోడ మధ్య: −1.5
- నైరుతి: −3.1
- దక్షిణ గోడ, నైరుతి నుంచి 12 అడుగుల దగ్గర: −0.8
- దక్షిణ గోడ, 30 అడుగుల దగ్గర: −0.2
- నైరుతి బెడ్‌రూమ్ మధ్య: −1.6

ఇంట్లో ఎక్కడా +0.2 దాటలేదు. మధ్యభాగం పొంగలేదు, మూలే కుంగింది.

పగుళ్లు ఉన్నంత మాత్రాన పైలింగులు అక్కర్లేదు. అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం టెక్సస్ శాఖ మార్గదర్శకాల్లో రెండు హద్దులు ఉన్నాయి. వంపు, పొడవులో 360వ వంతు. ఏటవాలు, 1 శాతం. పడమటి గోడ 38 అడుగుల్లో 2.8 అంగుళాలు దిగింది, అంటే 0.61 శాతం. అది హద్దులోనే ఉంది. గోడ వాలింది కానీ విరగలేదు. దక్షిణ గోడ సంగతి వేరు. మూల నుంచి 30 అడుగుల ముక్క తీసుకుంటే 360 అంగుళాలు, హద్దు సరిగ్గా 1 అంగుళం. రెండు కొసల్నీ కలిపే సరళరేఖ మీద 12 అడుగుల దగ్గర −1.94 ఉండాలి. అక్కడున్నది −0.8. వంపు 1.14. హద్దు దాటింది. ఎంత కుంగిందన్నదాని కన్నా ఎంత దూరంలో కుంగిందన్నదే స్లాబ్‌ను విరుస్తుంది.

దశ 2: ప్లాను, సామాను

టెక్సస్‌లో పునాది రిపేరు కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్స్ అంటూ ఏదీ లేదు. అందుకే ప్లాను లైసెన్స్ ఉన్న ఇంజినీరు చేత గీయించి, ఊరి పర్మిట్‌కు జత చెయ్యాలి. తవ్వకానికి కనీసం 48 గంటల ముందు 811 నంబరుకు చెప్పి గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు వేయించాలి.

మొదటి ప్లాను: పడమటి గోడ కింద 7 పైలింగులు, దక్షిణ గోడ కింద మరో 5, లోపల 2. బయటి వాటి మధ్య ఎడం 6 అడుగులు. పీ1 వాయవ్యం వైపు మొదలై, నైరుతి మూలలో పీ7, దక్షిణ గోడ మీద 30 అడుగుల దగ్గర పీ12. లోపలివి టీ1, టీ2. పోస్ట్‌టెన్షన్ స్లాబ్ కాబట్టి లోపల నేల పగలగొట్టి దిగడం ప్రమాదం. బిగువులో ఉన్న కేబుల్ తెగితే ప్రాణం మీదికొస్తుంది. వాటికి పడమటి వైపు నుంచి సొరంగం తవ్వాల్సిందే.

ఇంజినీరు పెట్టిన షరతులు రెండు. పైలింగ్ కొన నేల మట్టానికి కనీసం 12 అడుగుల కింద ఉండాలి. నొక్కిన బలం, ఆ పైలింగ్ మోయాల్సిన బరువుకు కనీసం రెట్టింపు ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి బదులు కావు. పనంతా ఈ వాక్యం చుట్టే తిరిగింది.

సామాను:

- ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు సిలిండర్లు, 6 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల ఎత్తు. ఒక్కొక్కటి దాదాపు 29 పౌన్లు.
- 4 అంగుళాల బోరున్న హైడ్రాలిక్ ర్యామ్, ఎలక్ట్రిక్ పంపు, గేజి. బోరు వైశాల్యం 12.57 చదరపు అంగుళాలు. గేజి అంకెను 12.57తో గుణిస్తే పౌన్లలో బలం.
- 20 టన్నుల బాటిల్ జాకీలు 15, స్టీలు ప్లేట్లు, షిమ్‌లు (సందుల్లో దూర్చే పలుచని బిళ్లలు), కాపు దిమ్మలు (పైలింగ్ తలకు టోపీలా పెట్టే కాంక్రీటు దిమ్మలు).
- నీళ్ల గొట్టం మట్టం, లేజర్ మట్టం, చిన్న రసమట్టం, వైరు బ్రష్, ఎయిర్ స్పేడ్ (గాలి జోరుతో మట్టి తొలిచే పనిముట్టు).

ఈ పద్ధతిలో విడిగా యంత్రపు బరువేమీ ఉండదు. ఇంటి బరువునే ఆసరా చేసుకుని ర్యామ్ బీమ్‌ను పైకి తోస్తూ సిలిండర్‌ను కిందికి నొక్కుతుంది. సిలిండర్ ఇక దిగక బీమ్ లేవడం మొదలైతే మొరాయించిందని లెక్క. దీన్ని మన ఊళ్లో పాత రాతి పునాది ఇంటికి వాడదామని ఎవరైనా అడిగితే, కుదరదు. కింద బీమ్ లేకపోతే ర్యామ్ తోపుకు రాళ్లు విడిగా ఊడి వస్తాయి.

దశ 3: గోతులు

ఒక్కో గొయ్యి 3 × 2.5 అడుగులు. బీమ్ అడుగు నేలకు 18 అంగుళాల కింద ఉంది. దాని కింద సిలిండర్‌కు 12, మూసి ఉన్న ర్యామ్‌కు 10, ప్లేట్లకు 2, చేతులు ఆడడానికి 4, వెరసి 28 అంగుళాలు. గొయ్యి మొత్తం లోతు 46 అంగుళాలు. ఒక్కో గోతికి సుమారు 1 క్యూబిక్ గజం మట్టి. తీసిన మట్టి టార్పాలిన్ మీద పోయాలి, తిరిగి అదే కావాలి.

పక్కపక్క గోతులు ఒకేసారి తవ్వలేదు. ఒకటి వదిలి ఒకటి తవ్వాం. బీమ్ చివర్లలో కేబుల్ యాంకర్లు ఉంటాయి కాబట్టి అక్కడ గునపం పెట్టకుండా ఎయిర్ స్పేడ్‌తో గీశాం. పీ7 దగ్గర ఓక్ వేరు, మణికట్టంత లావు, బీమ్ కింద నుంచి లోపలికి పోయింది. దాన్ని రంపంతో నున్నగా కోశాం.

బీమ్ అడుగు చదునుగా ఉందా అన్నది చెయ్యి పెట్టి తడిమి చూడాలి. పీ4 దగ్గర కాంక్రీటు తేనెపట్టులా ఉంది. వదులు కంకర గీకేసి, కుంచించని గ్రౌట్ నింపి రెండు రోజులు ఆగాం. అలాగే ర్యామ్ పెట్టి ఉంటే బీమ్ అంచు చిట్లేది.

దశ 4: మొదటి మూడు, మొదటి ఓటమి

నొక్కే వరస:

1. గొయ్యి అడుగు చదును చేసి సిలిండర్ నిలబెట్టాలి.
2. రసమట్టం రెండు వైపులా పెట్టి చూడాలి. మొదటి రెండు ముక్కలే దారి నిర్ణయిస్తాయి. అడుగుకు పావు అంగుళం తప్పితే 15 అడుగుల కింద కొన దాదాపు 4 అంగుళాలు పక్కకు పోతుంది.
3. ర్యామ్ స్ట్రోక్ 6 అంగుళాలే కాబట్టి ఒక్కో సిలిండర్‌కు రెండు తోపులు. రెండో తోపుకు నడుమ స్టీలు దిమ్మ పెట్టాలి.
4. ప్రతి సిలిండర్ చివర గేజి అంకె రాసుకోవాలి. ఆఖరి అంకె ఒక్కటే రాసుకుంటే జరిగింది సగమే తెలుస్తుంది.

పీ1లో గేజి నిదానంగా పెరిగింది. 3వ సిలిండర్ దగ్గర 700, 6 దగ్గర 1,300, 9 దగ్గర 1,900, 11 దగ్గర 2,300. అక్కడ బీమ్ 1/8 అంగుళం లేచింది. పీ2 కూడా అదే తీరు, 10 సిలిండర్లు, 2,250. పైలింగ్ కొన లోతు లెక్క ఇలా కట్టాలి: నేల నుంచి గొయ్యి అడుగు దాకా 3.8 అడుగులు, దానికి సిలిండర్ల పొడవు కలపాలి. పీ1 కొన 14.8, పీ2 కొన 13.8 అడుగులు.

పీ3లో మొదటి సిలిండర్‌కే 900. రెండోదానికి 1,600. నాలుగోదానికి 2,400, బీమ్ లేచింది. గేజి మాత్రమే చూసేవాళ్లయితే అక్కడితో సరిపెట్టేసేవారు. బలం లెక్కన అది పీ1 కన్నా గట్టి పైలింగ్. కానీ కొన 7.8 అడుగుల దగ్గరే ఉంది. ఆగస్టు ఎండకు, ఓక్ వేళ్లకు ఎండిపోయిన మట్టి రాయిలా సిలిండర్‌ను పక్కల నుంచి పట్టేసింది. అది లోతులోని గట్టి నేల ఇచ్చిన ఆసరా కాదు, ఎండిన మట్టి పట్టు మాత్రమే. వానలు పడి ఆ మట్టి మెత్తబడ్డాక పట్టు పోతుంది, లేదా మట్టి ఉబ్బి పైలింగ్‌నే పైకి లాగుతుంది. పీ1, పీ2 దగ్గర పచ్చికకు రోజూ స్ప్రింక్లర్ నీళ్లు అందేవి. అందుకే అవి దిగాయి.

సవరణ ప్రయత్నం: పీ3 పక్కన ఒక అంగుళం ఆగర్‌తో (మట్టి తొలిచే బరమాతో) 5 అడుగుల లోతు రెండు రంధ్రాలు చేసి, ఒక్కోదాంట్లో 4 గ్యాలన్ల నీళ్లు పోసి రాత్రంతా వదిలాం. అంతకు మించి పోస్తే బీమ్ కింద మట్టి ఉబ్బుతుంది. తెల్లారి గేజి 1,500 దగ్గర మొదలై రెండు సిలిండర్లు దిగి, మళ్లీ 2,400కు చేరింది. కొన 9.8 అడుగులు. ఇంకా 2.2 అడుగులు తక్కువ. నొక్కిన సిలిండర్లు బయటికి రావు కాబట్టి వాటిని భూమికి వదిలేశాం.

*ఇప్పటివరకు: పనికొచ్చిన పైలింగులు 2, సిలిండర్లు 21. వృథా అయిన సిలిండర్లు 6.*

దశ 5: పద్ధతి మార్పు

ఎండిన పొర మందం తగ్గించలేం. ఆ పొర పట్టుకునే వైశాల్యం తగ్గించగలం. కాబట్టి పీ3 నుంచి అన్నింటికీ ముందు సన్నని గాల్వనైజ్డ్ స్టీలు గొట్టాలు, ఆ పైన కాంక్రీటు సిలిండర్లు. గొట్టం వ్యాసం 2 7/8 అంగుళాలు, ఒక్కో ముక్క అడుగు పొడవు, లోపలి స్లీవ్‌తో ఒకదానిలో ఒకటి దిగుతాయి. మొదటి ముక్క అడుగు మూసి ఉంటుంది. చుట్టుకొలత సగం కన్నా తక్కువ కాబట్టి ఎండు పొరను సులువుగా దాటుతుంది. గొట్టం గేజి 1,500 దాటాక మధ్యలో ప్లేటు పెట్టి సిలిండర్లకు మారాం. పై మూడడుగుల్లో లావు కాంక్రీటు ఉండడం వల్ల సన్నని గొట్టం పైభాగం పక్కకు వంగే ప్రమాదం తగ్గుతుంది.

ఇంజినీరు సరేనని రాసిచ్చాకే మొదలుపెట్టాం. పాత పీ3కి 18 అంగుళాల పక్కన కొత్త పీ3ఏ.

స్టీలు ముక్కలు + సిలిండర్లు, ఆఖరి గేజి:

- పీ3ఏ: 11 + 3, 2,350
- పీ4: 12 + 3, 2,400
- పీ5: 12 + 3, 2,300
- పీ6: 13 + 3, 2,150
- పీ8: 13 + 3, 2,100
- పీ9: 12 + 3, 2,300
- పీ10: 11 + 3, 2,400
- పీ11: 11 + 3, 2,350
- పీ12: 10 + 3, 2,400

వీటిలో అన్నిటికన్నా తక్కువ లోతున్న పీ12 కొన కూడా 16.8 అడుగులు.

పీ9లో రెండో సిలిండర్ 1,800 దగ్గర నిలువునా చీలింది. సిలిండర్ల మధ్య మట్టి గడ్డ ఒకటి ఇరుక్కుని బరువంతా ఒక అంచు మీద పడింది. పైన ఉన్నదే కాబట్టి ముక్కలు ఏరి కొత్తది పెట్టాం. అప్పటి నుంచి ప్రతి ముఖాన్నీ వైరు బ్రష్‌తో తుడిచాకే ఎక్కించాం. అర నిమిషం పని.

దశ 6: మూల దగ్గర లెక్క తప్పింది

పీ7ను కావాలనే ఆఖరికి ఉంచాం. 14 గొట్టాలు, 2 సిలిండర్లు దిగాయి, లోతు బ్రహ్మాండం. కానీ గేజి 1,450 దగ్గరే మూల లేచిపోయింది. గోడ మధ్యలో నొక్కితే అటూ ఇటూ ఉన్న బీమ్ బరువు తోడొస్తుంది. మూల కొస స్వేచ్ఛగా ఉంటుంది కాబట్టి తక్కువ బలానికే లేస్తుంది.

1,450 × 12.57 = దాదాపు 18,200 పౌన్లు. ఈ ఇంటికి బీమ్, ఇటుక, గోడ, పైకప్పు, స్లాబ్ అంచు కలిపి అడుగుకు 1,700 పౌన్లు వేసుకున్నాం. మూల పైలింగ్ అటు 3, ఇటు 3 అడుగులు మొయ్యాలి. 10,200 పౌన్లు. నిష్పత్తి 1.8 కూడా రాలేదు. కావాల్సింది 2.

ఇంకా గట్టిగా నొక్కడం దారి కాదు, మూల లేస్తుందే తప్ప పైలింగ్ దిగదు. బరువు తగ్గించడమే దారి. దక్షిణ గోడ మీద మూలకు 3 అడుగుల దూరంలో పీ7ఏ వేశాం: 13 + 3, గేజి 2,000. ఇప్పుడు పీ7 వంతు 3 + 1.5 = 4.5 అడుగులు, 7,650 పౌన్లు. నిష్పత్తి 2.4. కుంగిన మూల దగ్గర మొదటి నుంచే 3 అడుగుల ఎడంలో ఒకటి ఎక్కువ వేసుకోవడం మేలు. మాకు ఒక గొయ్యి, ఒక రోజు అదనం.

దశ 7: సొరంగం

పడమటి వైపు నుంచి 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు, 10 అడుగుల పొడవు. సుమారు 3.3 క్యూబిక్ గజాల మట్టి, బకెట్లతో. లోపలికి గాలి ఫ్యాను, బయట ఎప్పుడూ ఒక మనిషి. లోపలి బీమ్ కింద టీ1, టీ2: ఒక్కోదానికి 10 + 2, గేజి 1,700, 1,650. లోపల ఇటుక గోడ, పైకప్పు అంచు బరువు లేవు కాబట్టి ఈ అంకెలు చాలు.

*ఇప్పటివరకు: పైలింగులు 15. స్టీలు ముక్కలు 152. నేలలో ఉన్న పనికొచ్చే సిలిండర్లు 57, వృథా 6, విరిగింది 1.*

దశ 8: లేపడం

ప్రతి పైలింగ్ మీద కాపు దిమ్మ, దాని మీద అటూ ఇటూ రెండు సిలిండర్లు నిలువుగా, నడుమ జాకీ. ఈ 30 సిలిండర్లతో కలిపి మొత్తం వాడకం 94. నూరు తెప్పించుకోవడం మంచిదైంది.

లక్ష్యం సున్నా కాదు. ఏ స్లాబూ కట్టిన రోజున కూడా అద్దంలా ఉండదు. పగుళ్లు మూసుకోవాలి, తలుపులు ఆడాలి, వంపు హద్దులోకి రావాలి, అంతే. మూలను రౌండుకు 1/8 అంగుళం, మిగతా జాకీల్ని వాటి వంతు ప్రకారం తక్కువగా. పీ4కు మూలలో సగం, పీ9కు నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ, పీ1, పీ12కు నామమాత్రం. ప్రతి రౌండుకూ ఈశాన్యం నుంచి లేజర్ గీత. గోతి పక్కన పాతిన మేకుల్ని ఆధారంగా తీసుకోకూడదు, ఆ మట్టే కదులుతోంది.

రౌండ్ 6, మధ్యాహ్నం: తిండికి లేచి వెళ్లి ముప్పావుగంటకు వచ్చేసరికి పీ6 1/8 అంగుళం దిగింది. జాకీ సీలు కారింది. అప్పటి నుంచి ప్రతి రౌండ్ చివర సిలిండర్ల మీద షిమ్‌లు తోసి బరువు వాటికి అప్పగించాకే చెయ్యి తీశాం. జాకీ లేపడానికే, మొయ్యడానికి కాదు.

రౌండ్ 11: మూల 1 3/8 లేచింది కానీ కిటికీ పగులు మూసుకోవడం ఆగి, దాని పైన కొత్త గీత కనిపించింది. ఎప్పుడో ఎవరో ఆ పగుల్లో సిమెంటు నింపారు. పగులు మూసుకోవడానికి చోటు లేక ఇటుక పైకి విరుగుతోంది. ఆపి, చిన్న గ్రైండర్‌తో పాత మోర్టార్ అంతా గీకి తీశాక పగులు మళ్లీ మూసుకోసాగింది. లేపడానికి ముందే చెయ్యాల్సిన పని ఇది. షీట్‌రాక్ (లోపలి గోడల జిప్సం పలకల) అతుకుల్లో, చూరు కింది చెక్కపట్టీ సందుల్లో నింపిన పుట్టీకి కూడా ఇదే వర్తిస్తుంది.

రౌండ్ 17: మూల 2 1/8 లేచింది. కారిడార్ తలుపు పైన వెంట్రుకంత కొత్త పగులు. అక్కడితో ఆపేశాం. ఇంటి యజమాని ఇంకో అంగుళం అడిగారు. అడిగినంతా ఇస్తే ఆ పగులు కారిడార్ అంతా పాకేది.

తర్వాతి మట్టాలు: నైరుతి −1.0, 12 అడుగుల దగ్గర −0.2, 30 అడుగుల దగ్గర −0.1. 30 అడుగుల ముక్కలో వంపు ఇప్పుడు అర అంగుళం లోపే. టీ1, టీ2 దగ్గర 1.1 లేచింది.

దశ 9: మళ్లీ నీళ్ల పరీక్ష

టెస్ట్ బాల్ బిగించి నింపితే 20 నిమిషాల్లో నీటి మట్టం 2 అంగుళాలు దిగింది. లేపక ముందు దిగలేదు కాబట్టి ఇది మా పని వల్లే. వాదనకు తావులేదు. ముందు పరీక్ష చెయ్యకుండా పని మొదలుపెడితే ఇక్కడే తగాదా వస్తుంది.

కారణం: బాత్‌టబ్ కింది గొట్టం పైభాగం స్లాబ్‌లో బిగుసుకుని పైకి లేచింది. అడ్డంగా పోయే గొట్టాన్ని మట్టి పట్టుకుని ఉంచింది. మధ్యలో ఎల్బో జాయింటు ఊడింది. సొరంగాన్ని మరో 4 అడుగులు పొడిగించి, లైసెన్స్ ఉన్న ప్లంబరుతో ఆ ముక్క కోయించి, బయట స్టీలు తొడుగున్న రబ్బరు కప్లింగ్‌తో అతికించాం. రెండో పరీక్షలో 30 నిమిషాలు నిలిచింది. గ్యాస్ లైన్‌కూ ప్రెజర్ పరీక్ష చేయించాం, బాగుంది. బాత్‌రూమ్ కింద సొరంగం ఎలాగూ తవ్వుతున్నప్పుడు, లేపడానికి ముందే గొట్టం చుట్టూ మట్టి వదులు చేసి ఉంటే ఈ రెండు రోజులు మిగిలేవి.

దశ 10: పూడ్చడం, నీటి దారి

1. ఇసుక వెయ్యలేదు. బంకమట్టిలో ఇసుక గొయ్యి అంటే నీళ్లకు గిన్నె పెట్టినట్టే.
2. తీసిన మట్టినే 6 అంగుళాల పొరలుగా, కాస్త తడిపి దిమ్మిసతో కొట్టాం. సొరంగాన్ని లోపలి కొస నుంచి బయటికి బిగించి కూరాం.
3. నేల వాలు: ఇంటి నుంచి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగేలా.
4. నైరుతి చూరుకు గట్టర్, దాని నీళ్లు ఇంటికి దూరంగా పోయే గొట్టం.
5. బీమ్‌కు 18 అంగుళాల దూరంలో సోకర్ హోస్ (పొడవునా నీళ్లు ఊరే గొట్టం). బీమ్‌కు ఆనించి వెయ్యకూడదు, నెర్రెల్లోంచి నీళ్లు నేరుగా కిందికి పోతాయి.
6. ఓక్ చెట్టుకూ ఇంటికీ మధ్య 30 అంగుళాల లోతు ప్లాస్టిక్ వేరు అడ్డు.

చెట్టు కొట్టేద్దామన్న మాట వచ్చింది. వద్దన్నాం. అన్నేళ్లు నీళ్లు పీల్చిన చెట్టు ఒక్కసారిగా పోతే ఎండిన మట్టి మెల్లగా నీరు పట్టి ఉబ్బుతుంది. అప్పుడు ఇదే మూల పైకి లేచే ప్రమాదం ఉంది, దానికి ఏ పైలింగూ అడ్డు కాదు.

ఆ తర్వాత కొలతలు

- మర్నాడు: మూల 1/16 దిగింది. షిమ్‌లు సర్దుకోవడమే.
- 3 నెలలు, వానల తర్వాత: పీ1, పీ2 ప్రాంతం +0.1 దాకా వచ్చింది. మిగతావి కదల్లేదు. ఇటుక అతుకులు, షీట్‌రాక్ పని ఇప్పుడే చేయించాం, అంతకు ముందు కాదు.
- 6 నెలలు: మూల −1.1. కిటికీ పగులు తెరుచుకోలేదు. కారిడార్ తలుపు ఆడుతోంది.

పైకి కదిలినవి రెండూ కాంక్రీటు సిలిండర్లు మాత్రమే ఉన్న పైలింగులు. తర్వాతి మట్టం వచ్చే ఆగస్టు చివర, నేల బాగా ఎండాక తియ్యాలి. పీ1, పీ2 అప్పుడు తిరిగి మామూలు మట్టానికి వస్తే కాలంతో పాటు ఊగుతున్నాయని అర్థం, వాటి పక్కన స్టీలు గొట్టాలతో మరో రెండు వెయ్యాల్సి రావచ్చు. అన్ని పైలింగుల చోట్లు, లోతులు, గేజి అంకెలు, షిమ్‌ల మందం రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి గ్యారేజీలో బ్రేకర్ పెట్టె తలుపు లోపల అతికించాం. మళ్లీ గొయ్యి తవ్వేవాళ్లకు బీమ్ వెతుక్కునే పని ఉండదు.